అనంతసాగరం అవ్వ జాబితా

ఏడాది చివరికొచ్చేసరికి పేపర్లన్నీ జాబితాలు వేస్తాయి. ఈ ఏడు మెచ్చిన పది సినిమాలు, పది పుస్తకాలు, పది పాటలు... పట్నంలో వాళ్లేనా జాబితాలు వేసేది? 2025 డిసెంబరులో నెల్లూరు జిల్లా అనంతసాగరంలో ఒక అవ్వ కూడా వేసింది. మనవడి లెక్కల నోటుబుక్కులో చివరి పేజీ చింపించుకుని, నీలం పెన్నుతో, ఒక్కో అక్షరం చింతగింజంత సైజులో రాసింది. అందులో ఉన్నవి పది కాదు, ఏడే. ఆ ఏడు కాక ఇంకొకటి కొట్టేసి ఉంది.

జాబితా ఎందుకంటే, ఆమెకు కళ్లొచ్చాయి. సరిగ్గా చెప్పాలంటే ఒక కన్ను వచ్చింది. రెండోది వేసవిలో చేయించాలి.

శుక్లం అంటే కంటి మీద పొర పెరగడం అనుకుంటారు చాలామంది. పొర కాదు, కంటిలోపలి కటకమే మెల్లమెల్లగా మసకబారుతుంది. ఒక్కసారిగా చీకటి పడితే ఎవరైనా ఆస్పత్రికి పరిగెత్తుతారు. ఇది అలా రాదు. ముందు పేపర్లో చిన్నక్షరాలు పోతాయి, తర్వాత పెద్దక్షరాలు, ఆ తర్వాత బస్సు బోర్డు. ఆత్మకూరు బస్సో కలువాయి బస్సో ఎక్కేవాళ్లను చూసి పోల్చుకుంటూ రెండేళ్లు నెట్టుకొచ్చింది అవ్వ. అడిగితే 'వయసైపోయింది గదా, ఇంకేం చదవాల' అనేది.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో పేపరు చదివేది ఆమె, వినేది తాత. ఆయనకు చదువు రాదు. పొద్దున్నే ఆయన అరుగు మీద బీడీ ముట్టించుకుని కూర్చుంటే, ఆమె తలుపుకు ఆనుకుని పైకి చదివేది. సోమశిలలో ఎన్ని టీఎంసీలు చేరాయి, ధాన్యం పుట్టి ఎంత పలుకుతోంది, ఎవరు ఏ పార్టీలోకి దూకారు... అన్నీ. జలాశయం నిండితే 78 టీఎంసీలని, దాంట్లో ఎంత ఉంటే కాలవకు వదుల్తారో ఆయన లెక్క ఆయనకుంది. ఆ లెక్కకు అంకె ఇచ్చేది మాత్రం ఆమె. రెండేళ్లుగా ఆ అంకె కోసం ఆయన టీ అంగడికి పోవాల్సి వచ్చింది. టీ అంగట్లో వార్తలో సగం వార్త, సగం అంగడివాడి అభిప్రాయం!

ఆమెకు చదువు ఎప్పుడొచ్చింది? ముప్పై రెండేళ్లు నిండాక. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరిట సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ముందు కళాజాతాలు ఊళ్లోకొచ్చాయి. డప్పు, పాట, చిన్న నాటకం. తర్వాత రాత్రిబడి. కూలిపని ముగించుకుని, పిల్లలకింత పెట్టి, లాంతరు కింద కూర్చుని పలక పట్టిన ఆడవాళ్లు ఆ జిల్లాలో వేలల్లో ఉన్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాయి తాగే మొగుడితో పడే పాట్లు. పాఠం చదివిన వాళ్లు అక్కడితో ఆగలేదు. ఉదయగిరి వైపు కలిగిరి మండలంలో దూబగుంట ఆడవాళ్లు సారాయి అంగడి మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్లు ఏకమైతే' అనే ఇంకో పాఠమై కూర్చుంది. దాన్ని చదివి మిగతా ఊళ్లు కదిలాయి. ముందు నెల్లూరు జిల్లాలో, ఆ వెనక 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధించారు. తాత ఇప్పటికీ నవ్వుతూ అంటాడు, 'అక్షరాలు నేర్చుకోమంటే నా నోట్లో మన్ను గొట్టింది మీ అవ్వ' అని. నవ్వుతూనే అంటాడు గానీ, రాత్రిబడికి తాను పోనందుకు చిన్న గునుపు ఆ నవ్వులో వినబడుతుంది.

అలా కష్టపడి తెచ్చుకున్న అక్షరం. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నవాళ్లకు చదువు ఊపిరిలాంటిది, ఉందన్న సంగతే గుర్తుండదు. ముప్పై ఏళ్లు దాటాక నేర్చుకున్నవాళ్లకు అది చేతిలో పట్టుకున్న వస్తువు. రెండేళ్లు పట్టు వదిలితే ఎక్కడ జారిపోతుందోనని భయం. అవ్వకున్న అసలు భయం ఆపరేషన్ గురించి కాదు. కన్ను వచ్చాక పుస్తకం తెరిస్తే అక్షరాలు వస్తాయా, రావా? అదీ ఆమె బెంగ. ఎవరికీ చెప్పలేదు. కోడలికి మాత్రం ఒకసారి నోరు జారింది.

దీపావళికి ముందు వారం నెల్లూరులో ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పితే ఆస్పత్రి గోడ మీది గడియారం ముల్లు తెలిసింది. వీధిలో పోయే ఆటో మీద రాతలు తెలిశాయి. చేతిలోని మందు డబ్బా మీది అక్షరాలు మాత్రం తెలియలేదు! లోపల పెట్టిన కొత్త కటకం దూరం చూపుతుంది. దగ్గరకు అద్దాలు కావాలి. ఆ అద్దాలు కన్ను కుదుటపడ్డాక, నెల పైన పడుతుందన్నారు. అంతవరకు చుక్కల మందు, నల్లద్దాలు, తలస్నానం లేదు, బిందె ఎత్తేది లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె పని లేకుండా కూర్చున్న నెల అదే. జాబితాలోని మొదటి నాలుగూ ఆ నెలలోవే.

మొదటిది పాటలు. 'బాలు పాటలు' అని ఒక్క ముక్కే రాసింది. ఏ పాట అని అడిగితే ఏం చెబుతుంది? మనవడు ఫోన్‌లో 'అభినందన' పెట్టాడు. 1988లో వచ్చిన సినిమా. ఇళయరాజా సంగీతం, ఆత్రేయ మాటలు, బాలసుబ్రహ్మణ్యం గొంతు. ఆత్రేయ పుట్టిన మంగళంపాడు అప్పట్లో నెల్లూరు జిల్లాదే. బాలు ఇంటివాళ్లూ నెల్లూరువాళ్లే. తండ్రి సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. ఆ ఇంటినే బాలు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడు సెప్టెంబరు 25న పోయారు. ఇవన్నీ మనవడు ఫోన్‌లో చూసి చెబుతుంటే అవ్వ 'ఊరుకోరా, పాట విననీ' అంది. కళ్లు మూసుకుని వినమన్నది డాక్టరు కాదు, ఆమే అలా వింది. చిన్నప్పుడు పక్కింటి రేడియోలో సిలోన్ స్టేషన్ పెడితే దడి ఇవతల నిలబడి వినేదట. మీనాక్షి పొన్నుదురై గొంతు ఇప్పటికీ అనుకరించి చూపిస్తుంది. ఆ పాత రోజుల్లో పాట వినాలంటే పక్కింటివాళ్లు దయ తలచాలి. ఇప్పుడు మనవడు తలిస్తే చాలు.

రెండోది టీవీ. దీన్లో ఆమె రాసింది 'అమృతం'. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో ఆదివారం రాత్రుళ్లు వచ్చిన గుణ్ణం గంగరాజు సీరియల్. అప్పట్లో ఆ ఇంట్లో కేబుల్ లేదు. రెండేళ్లుగా కొడుకు టీవీకి యూట్యూబ్ తగిలిస్తే, కళ్లు కనబడని కాలంలో గొంతులు పట్టుకునే కథ తెలుసుకుంది. అప్పాజీ గొంతు, సర్వం గొంతు, గుండు హనుమంతరావు ఆంజి గొంతు... అందరూ తెలుసు. అమృతం గొంతు మాత్రం అప్పుడప్పుడు మారేది. 'పడిశం పట్టిందేమో అనుకున్నా' అంది. ఆపరేషన్ అయ్యాక చూస్తే, శివాజీరాజా ఒకరు, నరేష్ ఒకరు, హర్షవర్ధన్ ఒకరు! 'ముగ్గురా! ఆ పెళ్లాం ఏమీ అనుకోలేదా?' అని ఆ పూటంతా నవ్వింది. హోటలు పెట్టి ప్రతి వారం దివాలా తీసే ఇద్దరు స్నేహితులు ఇన్నేళ్ల తర్వాత కూడా నవ్విస్తున్నారంటే, అందులో చెడ్డవాడు లేకపోవడమే కారణమేమో. ఉన్నదల్లా తెలివితక్కువ. అది అందరి ఇళ్లలోనూ ఉన్నదే కదా.

కొట్టేసిన అంశం దీని పక్కనే ఉంది. రోజూ రాత్రి వచ్చే ఒక సీరియల్. రెండేళ్లు శ్రద్ధగా 'విన్నది'. చూపొచ్చాక చూస్తే, ఏడుస్తున్న అత్తగారి ముఖం మీద ఒక్క కన్నీటి చుక్క లేదట. పేరు ఇక్కడ ఎందుకు, మిగతావీ అంతే.

మూడోది ఆమె రాస్తుందని ఎవరూ అనుకోనిది. 'ఆడపిల్లల క్రికెట్'. నవంబరు 2, ఆదివారం. నవీ ముంబైలో ప్రపంచకప్ ఫైనల్. వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. అవ్వకు క్రికెట్ తెలియదు. ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టింది రంగు. శుక్లం కమ్మిన కంటికి లోకమంతా పసుపు పులిమినట్టుంటుంది. నీలం ముందుగా మాసిపోతుంది. శుక్లం తీసేశాక నీలం ఒక్కసారిగా తిరిగొస్తుంది. భారత జట్టు చొక్కాలు చూసి 'ఇంత నీలం ఉండాదిరా లోకంలో!' అంది. ఆ తర్వాత మనవడు ఒక పిల్లను చూపించి, 'అవ్వా, ఈ అక్కది కడప జిల్లా' అన్నాడు. శ్రీచరణి. ఎడంచేతి స్పిన్నర్. వీరపునాయునిపల్లె మండలం పిల్ల. కడప జిల్లా అంటే అనంతసాగరం వాళ్లకు వెలిగొండలకు అవతలి పక్క, పిల్లనిచ్చి పుచ్చుకునే దూరం. ఇంక అవ్వ కదిలితే ఒట్టు. ఆ పిల్ల దక్షిణాఫ్రికా అమ్మాయినొకదాన్ని సున్నాకే వెనక్కి పంపింది. టోర్నీ మొత్తం మీద 14 వికెట్లు. షెఫాలీ 87 పరుగులు, దీప్తి శర్మ ఐదు వికెట్లు, అమన్‌జోత్ చేతిలో ఎగిరెగిరి చివరికి చిక్కిన ఆ క్యాచ్... 52 పరుగులతో గెలిచేసరికి ఊళ్లో టపాసులు. దీపావళి నాడు పొగ పడకూడదని లోపల కూర్చున్న అవ్వ ఆ రాత్రి అరుగు మీదికొచ్చి చూసింది. 'వాళ్లమ్మ నిద్రబోయుంటుందా ఈ రాత్రి?' అన్నది ఆమె మ్యాచ్ మీద చేసిన ఒకే ఒక విశ్లేషణ.

నాలుగోది ఆటలు. మొంథా తుపాను వానకు కరెంటు పోయి టీవీ, ఫోను రెండూ చల్లబడ్డాక బయటికొచ్చింది అటక మీది వామనగుంటల పీట. వరసకు ఏడు గుంటలు, రెండు వరసలు, గుంటకు ఐదు చొప్పున డెబ్బై చింతగింజలు. ఈ ఆటకు దగ్గరి చూపు అక్కర్లేదు. వేలు పెడితే గుంటలో ఎన్ని గింజలున్నాయో తెలిసిపోతుంది. చీకట్లో కూడా ఆడొచ్చు. ఒక్కో గింజా పంచుకుంటూ పోవడం, పక్క గుంటలో ఉన్నవి తీసి మళ్లీ పంచడం, ఖాళీ గుంట తగిలితే దాన్ని తుడిచి అవతల గుంట సొమ్ము కైవసం చేసుకోవడం. చూడ్డానికి అదృష్టంలా ఉంటుంది, కాదు. ఏ గుంట నుంచి మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకున్నవాళ్లదే గెలుపు. లెక్కల నోటుబుక్కు సొంతదారు వరసగా ఆరాటలు ఓడిపోయాడు.

పౌరుషమొచ్చి వాడు చదరంగం తెచ్చాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయిందని, చెన్నైలోని తెలుగింటి కుర్రాడు గుకేశ్ 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని వాడికి కంఠతా వచ్చు. అవ్వ వినింది, గుర్రం ఎందుకలా వంకరగా పోతుందో మాత్రం ఒప్పుకోలేదు. దానికి బదులు బండ మీద సుద్దముక్కతో పులిజూదం గీసింది. మూడు పులులు, పదిహేను మేకలు. 'పులులు నువ్వే తీసుకో' అంది దయగా. వాడు ఎగిరి గంతేశాడు. మొదట్లో రెండు మేకల్ని మింగాడు కూడా. ఆ తర్వాత ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు. మేకలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడితే పులికి దూకడానికి చోటుండదు. పది నిమిషాల్లో మూడు పులులూ కదల్లేక కూర్చున్నాయి. అరుగు మీది నుంచి తాత, 'మీ అవ్వ మేకల్తో పెట్టుకోవద్దురా అబ్బయా. నాకు తెల్సు' అన్నాడు.

నవంబరు చివర్లో అద్దాలొచ్చాయి.

కోడలు పేపరు తెచ్చి చేతిలో పెడితే అవ్వ తీసుకోలేదు. 'పొయ్యి మీద కూరుండాది' అంది. కూర దించి చాలాసేపైంది. అందరూ ఉన్నప్పుడు తెరవడం ఆమెకిష్టం లేదని కోడలికి తెలుసు. మధ్యాహ్నం మనవడు బడికి, తాత చేలోకి పోయాక, తను పెరట్లో అంట్లు ముందేసుకుని కాస్త గట్టిగానే చప్పుడు చేస్తూ తోమింది. అవ్వ పెట్టెలోంచి పాత చందమామ ఒకటి తీసింది. 1947లో మొదలై ఆరు దశాబ్దాలకు పైగా నడిచిన పత్రిక. రాత్రిబడి అయ్యాక ఆమె కూడబలుక్కుని చదివిన మొదటి అచ్చుకథలు అందులోవే. కోతి, మొసలి, కాకి, పాము... పంచతంత్రం కథలంటే ఆ ప్రాంతానికి కొత్త కాదు. అయిదు వందల ఏళ్ల కిందట దూబగుంట నారాయణకవి తెలుగులో పంచతంత్రం రాసి అంకితమిచ్చింది ఉదయగిరి ఏలికకే. కవి ఇంటిపేరూ, సారాయి అంగడి మూయించిన ఆడవాళ్ల ఊరి పేరూ ఒకటే కావడం ఎంత బాగుంది!

మొదటి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయింది. అక్షరాలు కనబడుతున్నాయి, తెలుస్తున్నాయి, కలవడం లేదు. 'మ' అంటుంది, కొమ్ము చూస్తుంది, పక్క అక్షరం దగ్గరికి పోయేసరికి మొదటిది జారిపోతుంది. వేలు పెట్టింది. రాత్రిబడిలో వేలు పెట్టే నేర్చుకుంది కదా. వేలు ముందు నడిస్తే కళ్లు వెనక నడిచాయి. సగం పేజీ అయ్యేసరికి పెరట్లో చప్పుడు ఆగిపోయింది. అంట్లు తోమడం అయిపోయి కాదు, లోపల అత్త గొంతు వినబడి. పైకి చదవడం ఆమెకు తెలియకుండానే మొదలైంది. ఆ గొంతు విని కోడలు కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ గిన్నె అందుకుంది.

ఆ తర్వాత పుస్తకాలకు దారి పడింది. జాబితాలో ఐదోది చందమామ అయితే, ఆరోది 'దర్గామిట్ట కతలు'. కావలి మనిషి మహమ్మద్ ఖదీర్‌బాబు రాసింది, 1999లో పుస్తకమైంది. కొడుకు ఆత్మకూరులో ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. ఒక సామాన్య ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడి ముచ్చట్లు. నెల్లూరు యాసలో, ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటాయి. అవ్వకు కథ కంటే ముందు ఆశ్చర్యం కలిగించింది మాట. 'ఇదేందిరా, మనం మాట్లాడుకునేది అచ్చేసుండారు!' అంది. వాచకం భాష చదివింది, పేపరు భాష చదివింది, తన నోటి మాట పుస్తకంలో కనబడటం ఆమెకిదే మొదలు. నవ్వొచ్చిన చోటల్లా తాతకు చదివి వినిపించింది. ఏడుపొచ్చిన చోట్లు దాటేసింది. మొన్న జులైలో రొట్టెల పండగకు నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోయి, స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది ఆమె. ఆపరేషన్ చేసింది డాక్టరే, అయినా ఒప్పుకున్న ప్రకారం వచ్చే ఏడు రొట్టె వదలాలని గుర్తు పెట్టుకుంది. దర్గామిట్ట అన్న పేరు పుస్తకం అట్ట మీద చూసి, రొట్టె సంగతి ఎవరో పైనుంచి గుర్తుచేసినట్టే అనుకుంది.

ఏడోది ఇంకా అవలేదు. అయినా జాబితాలో రాసింది. పొణకా కనకమ్మ ఆత్మకథ, 'కనకపుష్యరాగం'. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన కనకమ్మ. చిన్నవయసులోనే పెళ్లి, బడి మెట్టెక్కింది లేదు, ఇంట్లోనే సొంతంగా నేర్చుకుంది. స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైలుకు పోయింది. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లో గాంధీ వచ్చి తెరిచిన ఆశ్రమానికి వెన్నుదన్నుగా నిలిచింది. పుస్తకం చిన్నదేం కాదు, మాటలు కొన్ని గ్రాంథికం. రోజుకు రెండు పేజీలు. 'బడికి పోకుండా ఇన్ని రాసిందా!' అని ఒక పక్క, 'జమీందారీ ఇల్లు గదా, దీపం నూనెకు కరువా' అని ఒక పక్క. అభిమానం ఉంది గానీ అవ్వ ఎవరికీ అంత తేలిగ్గా మార్కులు వేయదు. కనకమ్మ కూతురు పోయిన చోటికొచ్చాక మాత్రం రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. పేజీ మధ్యలో ఉదయగిరి చెక్క గరిటె కాడ గుర్తుగా పెట్టి మూసేసింది. మూడో రోజు మళ్లీ తీసింది.

పొద్దున పేపరు చదవడం యథాప్రకారం మొదలైంది. రెండేళ్లుగా టీ అంగట్లో అలవాటైన అభిప్రాయాలు తాత మధ్యలో చెప్పబోతే, 'చదవనిస్తావా, నువ్వే చదువుకుంటావా?' అంటుంది. అది వరకు ఈ మాటకు ఆయన ఊరుకునేవాడు. పోయిన వారం మాత్రం, 'పలక ఉంటే తీసకరామ్మే, చూద్దాం' అన్నాడు. డెబ్బై దాటినాయన. నిజంగా అన్నాడో, ఆమె నోరు మూయించడానికి అన్నాడో ఇంట్లో ఎవరూ తేల్చుకోలేకపోయారు. మనవడు మాత్రం ఆ సాయంత్రమే తన పాత పలక వెతికి, మసిబొగ్గు, ఆకుపసరు రుద్ది అరుగు మీద ఆరబెట్టాడు.